ఉత్తుత్తి కాయిల్

వచ్చిన మొదటి రోజే ఫణిశ్రీ మెషిన్ ప్లగ్గు పీకేసింది.

"అయ్యయ్యో! ఏంటండీ ఈ పని?" అంటూ డాక్టర్ మణిశంకర్ కుర్చీలోంచి లేచాడు.

"మా నాన్నగారి తలకి కరెంటు పెడతానంటే చూస్తూ ఊరుకోమంటారా?"

"కరెంటు కాదండీ, అయస్కాంతం. దిగులు పట్టిన మెదడుని పైనుంచే తట్టి లేపుతుంది. కావాలంటే ముందు నా తలకి పెట్టుకుని చూపిస్తాను."

ప్లగ్గు మళ్ళీ పెట్టి, మెషిన్‌కి తగిలించిన కాయిల్ నెత్తికి ఆనించుకుని స్విచ్ నొక్కాడు. టక్కుమంది. అతని బొటనవేలు దానంతటదే ఎగిరిపడింది. ఫణిశ్రీకి నవ్వొచ్చింది. తమ్ముడు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వినందుకు తనని తనే తిట్టుకుంది.

రాజమండ్రి పుష్కరాల రేవులో పిండప్రదానాలు చేయించే సోమయాజులుగారిని ఎరగనివాళ్ళు లేరు. ఎంతమంది చేతో ఎంతమందికో నీళ్ళు వదిలించిన మనిషి. అదే రేవులో కొడుకు కిరీటి మునిగిపోయాక ఆయన నోరు మూతపడింది. సంధ్య వార్చడం మానేశారు. మాత్రలు పనిచెయ్యలేదు. ముద్ద నోట్లో పెడితే అలాగే ఉంచుకుని కూర్చునేవారు. ఇంట్లో మిగిలింది కూతురు ఫణిశ్రీ ఒక్కతే. ఈయన కూడా దక్కకపోతే? ఆ భయంతోనే మణిశంకర్ ఈ మెషిన్ మీద చేస్తున్న రీసెర్చికి తీసుకొచ్చింది. తీరా మెషిన్ చూడగానే చెయ్యి ప్లగ్గు మీదకి పోయింది, అంతే.

రీసెర్చిలో ఒక మెలిక ఉంది. సగంమందికి అసలు కాయిల్, సగంమందికి ఉత్తుత్తిది. రెండింటికీ చప్పుడు ఒకటే. ఎవరికేది పెడుతున్నారో టెక్నీషియన్ బుజ్జిబాబుకి తప్ప ఇంకెవరికీ తెలియదు, డాక్టరుకి కూడా. అదంతా ముందే చెప్పి, ఉత్తుత్తిది పడ్డవాళ్ళకి రీసెర్చయ్యాక అసలుది పెడతామని మాటిచ్చి, తండ్రి తలూపి కూతురు సరేనన్నాకే మణిశంకర్ మొదలుపెట్టాడు.

లోపల బుజ్జిబాబు ట్రీట్‌మెంట్ ఇస్తుంటే, వరండాలో వీళ్ళిద్దరూ టీ తాగేవారు.

"పంచదార ఎక్కువైనట్టుందండి."

"ఎక్కువైంది మీ మాటలండి," అనేది ఫణిశ్రీ.

వానాకాలం. బుజ్జిబాబు గొడుగులో సోమయాజులుగారు ముందు నడిస్తే, వెనక ఆమెని బస్సు దాకా దిగబెట్టడానికి మణిశంకర్ ఒకే గొడుగు తెచ్చేవాడు. కావాలనే ఒకటి తెస్తున్నాడని బుజ్జిబాబు కనిపెట్టేశాడు. ఫణిశ్రీ అంతకుముందే కనిపెట్టింది గానీ పైకి అనలేదు.

సోమయాజులుగారిలో మాత్రం చలనం లేదు. మనిషి చిక్కిపోతున్నారు. ఒకరోజు గొడుగు కింద నడుస్తూ ఆమె ఉండబట్టలేకపోయింది.

"మా నాన్నగారికి పెడుతున్నది అసలుదేనా?"

"నాకు తెలీదండీ."

"బుజ్జిబాబునడిగితే చెప్తాడు. నేనంటే మీకు ఏమాత్రం ఇష్టమున్నా అడగండి."

అతను గొడుగు ఆమెవైపు ఇంకాస్త వంచాడు. "చాలా ఇష్టమండీ. అయినా అడగను."

ఎన్నాళ్ళనుంచో వినాలనుకున్న మాట అలా వినాల్సొచ్చింది. ఫణిశ్రీ గొడుగు కిందనుంచి తప్పుకుని, తడుస్తూ తండ్రి వెనకే వెళ్ళిపోయింది.

రీసెర్చి ముగిసింది. ఎవరికేది పెట్టారో బయటపెట్టారు. సోమయాజులుగారిది ఉత్తుత్తి కాయిల్.

"ఇన్నాళ్ళూ మా నాన్నగారు చప్పుడు విన్నారు, అంతేనా! నన్నేమో టీలిచ్చి కూర్చోబెట్టారు!"

"అవునండీ," అన్నాడు తల దించుకుని. "ఆయనకి అసలుది మార్చుంటే, ఈ ఉత్తుత్తిది ఇంకెవరి నాన్నగారికో పడేది. మాటిచ్చినట్టే రేపట్నుంచి అసలుది మొదలుపెడతాం. నన్నెంతైనా తిట్టండి. ఆయన్ని మాత్రం తీసుకురండి."

తీసుకొచ్చింది. మణిశంకర్‌తో మాత్రం మాట మానేసింది. అతను పెట్టి వెళ్ళిన టీ ఆమె పక్కనే చల్లారిపోయేది.

వానలు తగ్గుముఖం పట్టాయి. ఒక ఉదయం సోమయాజులుగారి బొటనవేలు కదలడం ఫణిశ్రీ చూసింది. ఆ పూట మెషిన్ ఇంకా ఆన్ చెయ్యలేదు. ప్లగ్గు కింద వేళ్ళాడుతోంది. వేలు మాత్రం మిగతా వేళ్ళ కణుపులని ఒక్కొక్కటే తాకుతూ పోతోంది. ఆయన గాయత్రి లెక్కపెట్టుకునే తీరు అది.

"నాన్నా!"

"పిల్లాడి సంవత్సరీకం దగ్గరకొచ్చిందమ్మా," అన్నారాయన. గొంతు తుప్పుపట్టినట్టుంది. "మంత్రం నేనే చెప్పుకుంటాను."

ఫణిశ్రీ ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి భోరున ఏడ్చింది. తలెత్తి చూస్తే మణిశంకర్ గోడవైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

"మీరెందుకేడుస్తున్నారు? ఆయన మాట్లాడారని రాసుకోరా?" అన్నాళ్ళకి అతనితో ఆమె ఆడిన మొదటి మాట అది.

"కళ్ళద్దాలు ఆరాక రాస్తానండీ."

సోమయాజులుగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "ఆ వేళ డాక్టరుగారిని కూడా భోజనానికి రమ్మనమ్మా."

తద్దినం భోజనానికి బయటివాళ్ళని పిలవరు. ఊరందరికీ ఆ సంగతి చెప్పే మనిషికి తెలియక కాదు. ఫణిశ్రీ చల్లారిన టీ గ్లాసు అందుకుని ఒక్క గుక్క తాగింది. కన్నీళ్ళు ఆగలేదు.

"గారెలంటే మా కిరీటికి ప్రాణమండీ," అంది. "ఆకలి మీద రండి."