సొరబుర్రలో గొంతు

జడ్చర్ల అవతల ఊళ్ళలో జొన్నకోతలయ్యాక ఏటా మా పాట ఉండేది. మా ఇంటాయన ఎల్లస్వామి మూడు సొరబుర్రల కిన్నెర మీటుతూ కథ పాడతాడు. ప్రతి చరణం చివరా నేను "అవును" అని వంత అందుకోవాలి. కథలో ఎవరు గెలిచినా, ఎవరు చచ్చినా అవుననడమే నా పని.

ఆ ఏడు ఎక్కడికి పోయినా జనం భీమయ్య పాటే అడిగారు. వెట్టికి రానన్నందుకు దొర మనుషులు అతణ్ణి పాడుబావిలోకి తోసేశారు. మునిగేదాకా చేతులు జోడించలేదని మేం పాడాం. అది దొర చెవిన పడింది. మమ్మల్ని గడికి పిలిపించాడు.

"కాళ్ళు మొక్కి, ఏడ్సుకుంట సచ్చిండని పాడు. లేకుంటె ఈ తాలూకాల నీ కిన్నెర మోగది."

మా ఆయనకు గొంతు పెద్దది, గుండె చిన్నది. తలూపాడు.

దీపాలు పెట్టే వేళకు గడి వాకిలి నిండింది. భీమయ్య తల్లి నర్సింగమ్మను కావాలనే ముందు కూర్చోబెట్టారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

"కాళ్ళ మీద పడ్డడు భీమయ్య..." అని మా ఆయన ఎత్తుకున్నాడు.

"అవును," అన్నాను. నా గొంతు మీద నాకే అసహ్యం వేసింది.

"పానం కాయుమని ఏడ్సిండు భీమయ్య..."

ఈసారి సిగ్గుతో నోరు పెగల్లేదు. తీగల మోత సన్నగిల్లింది. ఎక్కడి నుంచో నాచు వాసన... నిలవ నీళ్ళ వాసన... ఆ వాకిట్లో బావి లేదు.

"కాదు."

మగ గొంతు. వంత నాదే కాబట్టి మా ఆయన నా వైపు వంగాడు. "గట్లనకే..."

"నేననలే..."

ఆయన మళ్ళీ అదే చరణం పాడాడు.

"కాదు."

సొరబుర్రలోంచి వచ్చింది. లోతుగా... నీళ్ళ అడుగు నుంచి.

దొర లేచాడు. అడుగు మాత్రం ముందుకు వేయలేదు. నర్సింగమ్మే వచ్చి కిన్నెర పక్కన కూలబడింది. బుర్రకు చెవి ఆనించింది.

"సలి పెడ్తాందా బిడ్డా?"

బుర్ర లోపల నీళ్ళు కదిలిన చప్పుడు. తర్వాత...

"అవునమ్మా."

ఆమె తన కొంగు చింపి ఆ బుర్రకు చుట్టింది. "తీస్కపో సాలమ్మా. ఈడుంటె పలగ్గొడ్తరు," అని నా చెవిలో చెప్పింది.

మా ఆయన దాన్ని ముట్టుకోనన్నాడు. నేనే ఎత్తుకున్నాను, భయంతో ఎవరూ అడ్డు రాలేదు. నిండు కడవంత బరువుంది. వంచి చూస్తే చుక్క నీరు లేదు. భుజాన పెట్టుకుని ఊరు దాటుతుంటే చెవి పక్కనే భీమయ్య అడిగాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"అక్కా... నువ్వెందుకన్నవ్, అవునని?"

కిన్నెర ఇప్పుడు మా గుడిసెలో గోడకు ఉంది. తీగలన్నీ తీసేశాం. అయినా ఆ గొంతు ఆగలేదు. ఈ పొద్దు కూడా అడిగాడు.