తొమ్మిదో మంచం దగ్గర అడగని ప్రశ్నలు

మార్చి నెల పదకొండో తేదీ, మంగళవారం, మధ్యాహ్న భోజనాల వేళ దాటాక, ఆసుపత్రి ప్రసూతి వార్డులో తొమ్మిదో మంచం దగ్గర, పసిగుడ్డును మినహాయిస్తే, నలుగురున్నారు. వారం కిందట కడుపు కోయించుకుని రెండో బిడ్డను కని, ఒంట్లో నెత్తురంతా పోయి, చావు అంచుదాకా వెళ్ళి వచ్చిన కోడలు, ఇంట్లోనే మిషను మీద బట్టలు కుట్టే మనిషి. ఆ బిడ్డను ఒళ్ళో వేసుకుని జోకొడుతున్న అత్తగారు. కిటికీ దగ్గర గోళ్ళు కొరుకుతూ నిలబడ్డ భర్త, హైస్కూల్లో లెక్కల మాస్టారు. అట్టకు బిగించిన కాగితాలతో, అదే ఆసుపత్రిలో ఉద్యోగం చేసే ఆడపడుచు చిట్టి. మర్నాటి ఉదయం ఆ కోడలికి ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ జరగాలని నిర్ణయమైపోయింది. నిర్ణయించినవాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురిలో కోడలు లేదు!

వాళ్ళు చెడ్డవాళ్ళు కారు... అసలు చిక్కంతా అక్కడే ఉంది! మరో కాన్పు ప్రమాదమని డాక్టరమ్మ అనగానే భర్త సమ్మతి పత్రం మీద సంతకం పెట్టేశాడు. తన రక్తమే ఎక్కించమని చొక్కా చెయ్యి మడిచి నిలబడ్డ మనిషి! అత్తగారు వారం రోజులుగా నడుం వాల్చలేదు. ఇంత ప్రేమగా చూసుకునేవాళ్ళను పట్టుకుని కోడలు ఏమని నిలదీస్తుంది? పొద్దున్న నర్సు వచ్చి, "రేపు ఆపరేషన్ ఉందమ్మా, రాత్రి నుంచి ఏమీ తినకు" అని చెప్పిపోయేదాకా ఆమెకు ఆ సంగతే తెలియదు. అప్పటినుంచీ మింగలేక, కక్కలేక పడుకుని ఉంది.

చిట్టి పని సర్వే చెయ్యడం. బిడ్డల్ని కనాలా వద్దా, ఎప్పుడు కనాలి, ఏ ఆపరేషన్ చేయించుకోవాలి అన్న విషయాల్లో ఆడవాళ్ళ మాట ఏపాటి చెల్లుతోందో కొలవాలట. ప్రతి జవాబుకూ మార్కులు, చివర్లో కూడిక. వారంగా కోడలు వింటూనే ఉంది. ఒక్కో మంచం దగ్గరా చిట్టి తెర లాగుతుంది, బంధువుల్ని మర్యాదగా బయటికి పంపుతుంది, "జవాబు పేషెంటు నోటినుంచే రావాలండీ!" అంటుంది. సాయంత్రం వదిన పక్కన కూర్చుని, "మూడో మంచం వాళ్ళింట్లో ఆవిణ్ణి నోరే మెదపనివ్వరు వదినా, ఎంత అన్యాయమో!" అని కళ్ళొత్తుకుంటుంది. అలాంటి చిట్టి ఇవాళ తొమ్మిదో మంచం దగ్గర తెరైనా లాగకుండా స్టూలు మీద కూర్చుని, తలొంచుకుని గబగబా టిక్కులు పెట్టేస్తోంది!

"ఏం రాస్తున్నావు చిట్టీ?"

"నీ సర్వేనే వదినా. నువ్వు పడుకో, నేను నింపేస్తాలే. మన ఇంటి సంగతి నాకు తెలియనిదేముంది?"

"ఆపరేషన్ నిర్ణయం ఎవరిదని రాశావు?"

"నీదేనని. ఇష్టపూర్వకంగా..."

కోడలు మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది. కుట్లు కలుక్కుమన్నాయి. లోపల పొద్దుటినుంచీ నలిగిందేదో ఆ నొప్పితోనే బయటపడ్డట్టయింది!

"కొట్టెయ్."

"ఏమిటమ్మాయ్ అది! పచ్చి బాలింతవి, అలా లేస్తారా?" అత్తగారు కంగారుపడింది.

"బిడ్డను తీసుకుని మీరు బయట కూర్చోండి అత్తయ్యా. ఏమండీ, మీరు కూడా. చిట్టీ, తెర లాగు. ఎనిమిది మంచాల దగ్గరా ఎలా అడిగావో నన్నూ అలాగే అడుగు."

"నన్ను పొమ్మంటోందిరా! కన్నకూతురిలా చూసుకున్నందుకు..." అత్తగారు బిడ్డను భుజాన వేసుకుంది. మాస్టారు ఎటూ కదలలేక నిలబడ్డాడు. పక్క మంచం మీది కండక్టరు భార్య ఉండబట్టలేకపోయింది. "వెళ్ళండి మాస్టారూ! మొన్న మా ఆయన్నీ బయట బెంచీ మీదే కూర్చోబెట్టారు. ఏమీ అరిగిపోలేదు!"

తెర పడింది. లోపల వదినా ఆడపడుచులిద్దరే మిగిలారు. చిట్టి గొంతు సవరించుకుని, ఉద్యోగానికని అలవాటు చేసుకున్న స్వరంతో మొదలుపెట్టింది. పుట్టి బుద్ధెరిగి వదినను 'మీరు' అనడం అదే మొదటిసారి.

"ఈ ఆపరేషన్ గురించి మీకు ఎవరైనా వివరించారా?"

"లేదు."

"వేరే మార్గాలున్నాయని చెప్పారా?"

"లేదు."

"మీరు వద్దంటే... మీ ఇంట్లోవాళ్ళు వింటారన్న నమ్మకం..." చిట్టి కళ్ళ ముందు అక్షరాలు అలుక్కుపోయాయి. "వదినా! అన్నయ్య ఆ రోజు వరండాలో గోడకు తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆలోచించకుండా సంతకం పెట్టెయ్యమన్నది నేనే..."

"ఏడుద్దువుగాని, ముందు రాయి." కోడలి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి, గొంతు మాత్రం తొణకలేదు. "నాకింకో బిడ్డ కావాలని నేనన్నానా? ఆ చావు చూసొచ్చింది నేను! ఆలోచించుకుంటే నేనూ ఆపరేషనే చేయించుకుంటానేమో... మీ అన్నయ్యనే చేయించుకోమంటానేమో!" తెర అవతల కండక్టరు భార్య కిసుక్కుమంది. "కానీ ఆ మాట నేననాలి చిట్టీ! చొక్కాకి కాలరు ఎలా కావాలో మనిషిని అడిగిగానీ కత్తెర పెట్టను నేను. నా ఒంటిమీద కత్తి పెట్టడానికి నన్ను అడగరా?"

ప్రశ్నలన్నీ అయ్యాక చిట్టి మార్కులు కూడింది. వార్డు మొత్తం మీద అంత తక్కువ ఎవరికీ రాలేదు. వారమంతా ఎవరెవరి ఇళ్ళను చూసో జాలిపడింది తను... "అందరికన్నా అట్టడుగున మన ఇల్లే ఉంది వదినా!" అంటూ వదిన మోకాళ్ళ మీద తల పెట్టేసింది. కోడలు ఆ తల నిమిరింది.

కాసేపటికి తెర తొలగింది. "నీకు చూపించమంది వదిన" అంటూ చిట్టి కాగితాన్ని అన్న చేతిలో పెట్టింది.

"కూడిక తప్పయి ఉంటుంది" అన్నాడు మాస్టారు నీరసంగా.

"లెక్కల మాస్టారివి నువ్వే కదా, కూడి చూడు!"

పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి కూడాడు. మంచం అంచున కూలబడిపోయాడు. "నిన్ను పోగొట్టుకుంటానేమోనని..."

"పోలేదు కదండీ, ఉన్నాను! ఉన్న మనిషిని అడగాలి కదా?"

"చోద్యం కాకపోతే! మమ్మల్ని ఎవరడిగారు?" అత్తగారు గయ్యిమంది. "ఐదుగురిని కన్నాను. ఆ తర్వాత ఆపరేషన్ అని తీసుకెళ్ళారు, వెళ్ళాను. కావాలా అని గానీ, వద్దా అని గానీ..." మాట అక్కడే ఆగిపోయింది. తను అన్న మాట తనకే వినపడ్డట్టు, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "...ఎవరూ అడగలేదమ్మా!" అంది, ఈసారి చాలా మెల్లగా. వెంటనే కొడుకు వైపు తిరిగింది. "చూస్తావేంరా, వెళ్ళి ఆ డాక్టరమ్మను పిలుచుకురా!"

డాక్టరమ్మ వచ్చి, కేసు కాగితాలు తిరగేసి, "మీవారు సంతకం పెట్టారు కదమ్మా?" అంది.

"ఆయన పెట్టారండీ. ఒళ్ళు నాది!"

డాక్టరమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని, ప్రమాదం ఎంతో, ఏ మార్గంలో మంచేమిటో, చెడేమిటో ఒక్కొక్కటే కోడలి ముఖం చూస్తూ చెప్పింది. భర్త సంతకం ఉన్న పత్రం మీద అడ్డంగా గీత కొట్టింది. కొత్త కాగితం మీద కోడలు చెప్పినట్టే చిట్టి రెండు ప్రతులు రాసింది: 'రేపటి ఆపరేషన్‌కు నా సమ్మతి లేదు. ఏం చేయించుకోవాలో ఆలోచించుకుని, నేనే చెబుతాను.'

మాస్టారు అలవాటు కొద్దీ జేబులోంచి పెన్ను తీశాడు. "నేనెక్కడ పెట్టాలి?"

"ఇందులో మీ సంతకానికి చోటు లేదండీ" అంది కోడలు. వారం రోజుల్లో ఆమె ముఖాన నవ్వు కనిపించడం అదే మొదలు. "పెన్ను మాత్రం ఇవ్వండి."

ఇచ్చాడు. రాసుకోవడానికి వీలుగా అట్టను తనే పట్టుకున్నాడు. ఆమె రెండిటి మీదా నింపాదిగా, పూర్తి పేరుతో సంతకం చేసింది. ఒకటి డాక్టరమ్మ కేసు కాగితాల్లో చేర్చింది. రెండోదాన్ని కోడలు నాలుగు మడతలు పెట్టి, తన చేతిసంచీలో కొలతల టేపు కింద దాచుకుని, జిప్పు మూసి, అత్తగారి చేతుల్లోంచి బిడ్డను తీసుకోవడానికి చేతులు చాచింది.