కిటికీ ముందు సర్వి మొక్క

"మీ తాడు తీసేయండి. మా దూడ కాళ్ళకి చుట్టుకుంటాది."

ఆనందకుమారి నాతో అన్న మొదటి మాట అది. 1962లో నేను బోగోలు దగ్గర వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరుని. జపాన్ పద్ధతిలో వరి నాటడమంటే తాడు లాగి, సాలు తప్పకుండా, జానెడు దూరంలో నాటడం. వంకర గట్టు కనిపిస్తే ఆ పూట అన్నం సయించని మనిషిని నేను. ఆమె తండ్రి పద్మనాభయ్య గారి మడిలో తాడు పట్టుకుని నిలబడితే, ఆమె గట్టు మీద నుంచి నన్ను చూసి నవ్వింది. ఉద్యోగంలో చేరాక మొదటిసారి నా సాలు వంకర పోయింది.

మా ఆఫీసుకు వచ్చిన వరి పుస్తకాల పార్సెల్లో దారి తప్పిన ఇంగ్లీషు పుస్తకం ఒకటుంది. బోన్సాయ్ అట, పళ్ళెంలో చెట్లు. తీసుకెళ్ళి చూపిస్తే పద్మనాభయ్య గారు బొమ్మలు తిరగేసి మీసం దువ్వుకున్నారు.

"నూరేళ్ళ చెట్టు పళ్ళెంలోనా? నువ్వొకటి చేసి చూపించు అబ్బయా. అప్పుడు నీ తాడు కూడా నమ్మతా."

సముద్రం మీద వేటకు పోయే ఓబయ్య ఇసకదిబ్బల మీద నుంచి మూరెడు సర్వి మొక్కని, అదే సరుగుడు మొక్కని, వేళ్ళమట్టితో సహా తెచ్చిచ్చాడు. అడుగున చిల్లి పెట్టిన మూకుడులో దాన్ని నాటాం. ఇక ఏ వాటంలో పెంచాలన్నదే మిగిలింది. కొత్తవాళ్ళకి పుస్తకం మూడు చెప్పింది: నిటారు, మెలిక, వాలు.

"నిటారు. మొదలుపెట్టేవాళ్ళకి అదే సులువు" అన్నాను.

"అది ఇప్పటికే వాలి ఉండాది గదా" అంది ఆనందకుమారి. కావలిలో ఎస్సెస్సెల్సీ చదివిన పిల్ల, పుస్తకం నాకంటే ముందే పూర్తి చేసింది.

"పుల్ల కట్టి నిలబెడతాను."

"పుట్టినప్పట్నించీ సముద్రం గాలి తోసి తోసి వంచింది దాన్ని. మీ దారం అంతకన్నా గట్టిదా?"

ఓబయ్య తలగుడ్డ సర్దుకుంటూ అన్నాడు: "నన్నడిగితే వంగినట్టే ఉంచండయ్యా. గాలితో పోట్లాడి గెలిచినోణ్ణి నేను ఇంతవరకు చూళ్ళా."

నేను వినలేదు. వెదురుపుల్ల పాతి, వలదారంతో కట్టేసి వచ్చాను.

మొక్కని వాకిట్లో, కిటికీకి ఎదురుగా ఉన్న రాతిబండ మీద పెట్టారు. దానికి ఇవతల పందిరి కింద నాకు కుర్చీ. ప్రతి గురువారం ఆ కుర్చీలో కూర్చుని, ఆమె తల్లి ఆదిశేషమ్మ గారు పంపిన మజ్జిగ తాగి, మొక్కని చూసుకుని పోయేవాణ్ణి. ఆనందకుమారి గ్లాసు తెచ్చిచ్చి, రెండు మాటలని లోపలికి పోయేది. పరాయి మగవాడు వాకిట్లో ఉంటే ఆడపిల్ల అక్కడ కూర్చోదు. మా ఇంట్లోనూ అంతే.

రెండో గురువారానికి నా దారం విప్పి ఉంది. మళ్ళీ కట్టాను. మూడో గురువారం మళ్ళీ విప్పి ఉంది. పైగా మొక్క నాకు వీపు చూపిస్తోంది.

చెట్టుకు మొహం ఉంటుందని పుస్తకంలో ఉంది. కొమ్మలు విప్పారిన వైపు మొహం. అది చూసేవాళ్ళ వైపు తిరిగి, కొన కాస్త వాళ్ళ వైపే వంగాలి. నేను మూకుడుని నా వైపు తిప్పి వెళ్ళాను. మరుసటి వారం మళ్ళీ వీపే.

"ఎవరు తిప్పుతున్నారు దీన్ని?" అని అడిగాను, ఆమె గ్లాసు తెచ్చినప్పుడు.

"నేనే. చూసేవాళ్ళ వైపు ఉండాలన్నారు గదా ఆ బుక్కులో."

"అవును. చూసేది నేను."

ఆమె నా వంక ఒక్క క్షణం చూసి, "మీరొక్కరేనా?" అని లోపలికి పోయింది.

దాని అర్థం ఏమిటో వారమంతా ఆలోచించాను. చెట్టేమో మొహం తిప్పుకుంటుంది. మజ్జిగలో మాత్రం వారం వారం అల్లం, కరివేపాకు ఎక్కువవుతున్నాయి. రెండింటిలో దేన్ని నమ్మాలో తెలియక, మా ఊరికని మనుబోలు దాకా పోయే బస్సెక్కి వెంకటాచలంలో దిగడం మరిచిపోయాను.

మనుబోలు అంటే గుర్తొచ్చింది. ఆ కార్తీకంలో ఒక గురువారం పద్మనాభయ్య గారు నా పక్కన మంచం వాల్చుకుని కూర్చున్నారు. మబ్బు ముసిరి ఉంది.

"మనుబోలు నుంచి రేపు పిల్లని చూసుకునేదానికి వస్తా ఉండారు. మంచి సంబంధం. ఈ పిల్ల ఊ అనదు, ఉఁహూ అనదు. ఏందంటే, చెట్టుకు వాటం తేలినాక చెప్పతా అంటది. ఏదో ఒకటి తేల్చి పుణ్యం కట్టుకో అబ్బయా."

నాకు ఆ పిల్ల కావాలి. ఆ సంగతి నాకు తెలుసు, బహుశా మా ఆఫీసు గుమాస్తాకీ తెలుసు. తెలియనిదల్లా ఆమెకి నేను కావాలా అన్నదే. నిటారు అంటే మనుబోలా? వాలు అంటే మనుబోలా?

తూర్పు నుంచి వాన ఒక్కసారిగా దిగింది. పందిరి కురిసింది.

"తడిసి పోతావబ్బాయ్, లోపలికి రా" అని పిలిచారు ఆదిశేషమ్మ గారు.

ఆ ఇంటి గడప దాటడం నాకదే మొదలు. కిటికీ పక్కన ఒక ముక్కాలిపీట ఉంటే దాని మీద కూర్చున్నాను. పీట కింద చేటలో సగం ఏరిన బియ్యం ఉన్నాయి. వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న ఆనందకుమారి గబగబా వచ్చి చేట తీసుకుని, తల వంచుకుని పోయింది.

అప్పుడు కిటికీలోంచి బయటికి చూశాను.

సర్వి మొక్క కొమ్మలన్నీ విప్పుకుని నా వైపే చూస్తోంది. కొన ఈ కిటికీ వైపే వాలి ఉంది. ఇన్నాళ్ళూ నేను వీపు అనుకుని ఉడుక్కున్న వైపు అవతల ఉండిపోయింది. ఆ కొమ్మల సందులోంచి సరిగ్గా ఎదురుగా కనిపిస్తోంది, వానలో తడుస్తున్న నా కుర్చీ.

వారం వారం ఈ పీట మీద ఎవరు కూర్చున్నారో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నా అంత మొద్దు జిల్లాలో ఉండడనిపించింది.

"తేల్చానండీ" అన్నాను లేచి నిలబడి. "వాలే."

"వాలంటే ఎటు వాలు?" అన్నారు పద్మనాభయ్య గారు.

"కిటికీ వైపు."

వంటింట్లోంచి మాట వచ్చింది, తడబాటు లేకుండా. "మనుబోలు వాళ్ళని రావద్దని కబురు చేయండి నాయనా."

ఆయన కూతురి వైపు చూశారు, నా వైపు చూశారు, ఏమీ అర్థం కాలేదు. "చెట్టుకీ మనుబోలుకీ ఏం సంబంధం?"

"ఒకసారి ఇక్కడ కూర్చోండి" అని పీట చూపించాను. "మీ అమ్మాయిని నాకివ్వమని అడుగుతున్నాను. ముందు ఇక్కడ కూర్చుని బయటికి చూడండి."

ఆయన కూర్చున్నారు. చాలాసేపు చూశారు. ఆదిశేషమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆమెకి ముందే తెలుసని నాకప్పుడర్థమయింది. మజ్జిగలో అల్లం దంచింది ఆమే కదా.

"ఏందయ్యా, నేను రోజూ నిద్రపోయే కుర్చీ అది" అన్నారు చివరికి. "గురువారం తప్ప." పీట మీంచి లేస్తూ, "వచ్చే గురువారం మీ నాయన్ని వెంటబెట్టుకుని రా. ఆయనకి కూడా చెట్టు చూపిద్దాం."

మా నాన్నతో వెళ్ళిన రోజు పందిరి కింద చాప పరిచి ఉంది. పట్టుచీరలో ఆనందకుమారిని తీసుకొచ్చి ఆ చాప మీద, మా ఎదుటే కూర్చోబెట్టారు. నేను తలెత్తి ఆమెను చూడలేక కిటికీ వైపు చూశాను. లోపల ముక్కాలిపీట ఖాళీగా ఉంది.

సర్వి మొక్క మొహం పందిరి వైపు తిరిగి ఉంది. ఈసారి తిప్పింది నేను కాదు.