బండి ఆపాకే మాట్లాడతాను

పదకొండుసార్లు మోగినా ఫోనెత్తని కొత్త డ్రైవరు, సాయంత్రానికి మనిషే ఆఫీసు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"చెవులున్నాయా, ఎవరికైనా అద్దెకిచ్చారా?" అంది ఓనరుగారమ్మాయి.

"చెవులున్నాయండి. చేతులే ఖాళీగా లేవు, స్టీరింగ్ మీదున్నాయి. బండి ఆపాకే మాట్లాడతాను."

పేపరు చాటున ఆమె తండ్రి కిసుక్కున నవ్వాడు. ఆమెకి ఒళ్ళు మండింది.

ఏడు లారీల కంపెనీ అది. షెడ్డు పక్కన ఒకటే గది, గోడకి రోడ్ల మ్యాపు, దానిమీద ఏడు రంగుల పిన్నులు. తండ్రికి మోకాళ్ళు అరిగాక ఆ కుర్చీ ఆమెది. సరుకెక్కడుందని పార్టీలు అడిగినప్పుడు "తెలీదండీ" అనాలంటే ఆమెకి తల కొట్టేసినట్టుండేది.

కానీ ఎంత ఆలోచించినా అతను చెప్పిందే న్యాయంగా తోచింది. మర్నాడే కొత్త పద్ధతి పెట్టింది. చక్రం తిరుగుతుండగా ఆఫీసు నుంచి ఫోన్ వెళ్ళదు. ఆగిన ప్రతిచోటా డ్రైవరే గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాలి. ఎక్కడున్నాడు, రోడ్డెలా ఉంది, మళ్ళీ ఎక్కడ ఆగుతాడు. అంతే.

మిగతావాళ్ళు మూడు ముక్కల్లో తేల్చేసేవారు. ఇతను మాత్రం, "లారీలు తూచే కాటా దాటానండీ. వాన మొదలైంది. ఒక వైపరు పనిచేస్తోంది, రెండోది పెళ్ళికొచ్చిన చుట్టంలా కూర్చుని చూస్తోంది" అనేవాడు.

ఆమె రెండుసార్లు విని, "సరే" అని మాత్రం పెట్టేది.

"ఆ 'సరే'లో కాస్త ఉప్పేస్తే మీ సొమ్మేం పోయింది?"

"రోడ్డు చూసి నడపండి."

"ఆగే ఉన్నానండీ!"

వానలు ముదిరిన ఒక మధ్యాహ్నం, అందరికన్నా సీనియరు డ్రైవరు గొంతు గ్రూపులో గాభరాగా వినిపించింది. "అమ్మాయ్, ఇప్పుడే వంతెన దాటాను. వెనక్కి చూస్తే పక్కగోడ కూలిపోతోంది. వెనకొచ్చేవాళ్ళని ఆపు!"

ఆ దారిలో వెనక వస్తున్నది ఒకే బండి. అతనిదే. తన నియమం తనే తప్పి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఎత్తడని ఆమెకి తెలుసు.

అయినా బుర్ర పనిచేసింది. నలభై నిమిషాల కిందట కాటా దగ్గర్నుంచి బయల్దేరాడు. వానలో గంటకి నలభై కిలోమీటర్లు దాటి తోలడు. అంటే వంతెనకి ముందున్న డీజిల్ బంకు దగ్గరికి పది నిమిషాల్లో వస్తాడు. బంకు నడిపే ఆవిడకి ఫోన్ కొట్టింది.

"అక్కా, నీలం క్యాబిన్ లారీ వస్తుంది. రోడ్డు మీదికెళ్ళి ఎలాగైనా ఆపండి. ముందు వంతెన పోతోంది!"

ఆ పది నిమిషాలూ ఆమె కుర్చీలో కూర్చోలేదు. పదకొండో నిమిషంలో ఫోన్ మోగింది.

"ఎవరో అక్కయ్య ఎర్ర గొడుగు అడ్డం పెట్టి ఆపిందండీ. ఏమైంది?"

 "ముందు వంతెన కూలిపోతోంది, అక్కడే ఉండండి!" అందామె.

అతను వెంటనే లారీని రోడ్డుకి అడ్డంగా తిప్పి, హజార్డ్ లైట్లు వేసి, వానలో నిలబడ్డాడు. వెనకొచ్చిన బస్సుని, రెండు వ్యాన్లని ఆపాడు. అరగంటలో వంతెన నడుమ భాగం నీళ్ళలో కలిసిపోయింది.

సరుకు ఆలస్యమైందని పార్టీ ఫోన్లో మండిపడితే తండ్రి రిసీవరు అందుకున్నాడు. "మీ సరుకు క్షేమం, మా మనిషీ క్షేమం. ఏ బండి ఎక్కడుందో మా అమ్మాయికి కళ్ళు మూసుకున్నా తెలుసు. ఇంతకన్నా గొప్ప కంపెనీ దొరికితే వెళ్ళండి, నేనే దారి చూపిస్తా!"

మూడోరోజు అతనొచ్చాడు. నేరుగా తండ్రి ముందు నిలబడి, "ఓనరుగారూ, మా అమ్మని ఆదివారం మీ ఇంటికి తీసుకురావచ్చా?" అన్నాడు.

"నన్నడిగితే ఏం లాభం? ఆ కుర్చీలో ఉన్న ఆవిణ్ణి అడుగు."

ఆమె చెంపలు కందిపోయాయి. అయినా తల వంచలేదు. "పెళ్ళయినా నేనీ కుర్చీ వదలను. ముందే చెప్తున్నా."

"మా అమ్మ అడిగిన మొదటి మాట, అమ్మాయి ఏం చేస్తుందని."

"ఏమన్నారు?"

"కూర్చున్నచోటి నుంచి ఏడు లారీలని ఇంటికి చేరుస్తుంది, ఒక బస్సుని కూడా కాపాడింది అన్నా. ఆ అమ్మాయి మనకి దొరుకుతుందా అని మా అమ్మకి బెంగ పట్టుకుంది."

ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"బెంగ పెట్టుకోవద్దనండి," అందామె. "ఆదివారం నేను ఖాళీయే."