జ్వరం తెలియని చెయ్యి

కోడలు పాప నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు, బడికి పంపేయమని చెప్పి చెప్పులు వేసుకుంది.

అత్తగారికి అనుమానం వచ్చి పిల్లను ముట్టుకుంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. అది చూసి ఆవిడకు ఒళ్ళు మండుకొచ్చింది.

"పరమాణువు కడుపులో ఏముందో చెప్పగలవు గానీ, కన్నపిల్లకి జ్వరం ఉందో లేదో చెప్పలేవా తల్లీ?"

కోడలు మళ్ళీ చెయ్యి వేసి చూసింది. ముఖం పాలిపోయింది. డాక్టర్ని పిలవమని మొగుడికి చెప్పి, ప్రయోగం మధ్యలో ఉందంటూ వెళ్ళిపోయింది.

ఆ ఇంట్లో ఈ గొడవ కొత్తది కాదు. బయట కోడలి పేరు మోగిపోతోంది. ఒక మూలకపు పరమాణువు తనంతట తానే విరిగి ఇంకో మూలకంగా మారుతుందని ఆమె చదువుకునే రోజుల్లోనే కొలిచి చూపించింది. పెద్దలు మొదట నవ్వారు, తర్వాత నోళ్ళు మూసుకున్నారు. పెళ్ళయ్యాక బండ్ల కొద్దీ రాయి కరిగించి, వడపోసి, చీకట్లో మెరిసే చిటికెడు కొత్త పదార్థం తీసింది. పతకం వచ్చింది, పత్రికల్లో ఫోటో పడింది. ఇప్పుడు ఆ పదార్థం సగానికి తరగడానికి ఎంతకాలం పడుతుందో తేల్చే పనిలో ఉంది. దూరదేశంలో ఇంకొకాయన కూడా అదే పట్టుకుని కూర్చున్నాడట. అందుకని ఈమెకు తిండీ లేదు, నిద్రా లేదు.

ఇంట్లో మాత్రం ఆమె చేతిలో గ్లాసు నిలవదు. అవన్నీ పని తప్పించుకునే వేషాలని అత్తగారు పక్కింటావిడ దగ్గర వాపోయేది. కొడుకు పల్లెత్తు మాట అనకుండా పగిలిన గాజు పెంకులు ఎత్తేవాడు. ఆవిడకు అదింకా చిరాకు.

సాయంత్రానికి పాప జ్వరం తగ్గింది, అత్తగారి కోపం తగ్గలేదు. కోడలు రాగానే వంటింట్లోనే అందుకుంది. తల్లి బాధ్యత దగ్గర మొదలుపెట్టి, పగిలిన గ్లాసుల దాకా వచ్చింది. కోడలు పొయ్యి మీద పాల గిన్నెను వట్టి చేతులతో దించి, తీరిగ్గా బల్ల మీద పెట్టింది.

పాలు ఇంకా కుతకుతలాడుతున్నాయి. అత్తగారు తిట్టడం ఆపి దగ్గరికొచ్చింది.

"ఏదీ, చెయ్యి చూపించు."

కోడలు వెనక్కి దాచుకుంది. ఆవిడ లాగి చూసింది. వేళ్ళ కొసలు నల్లబడి, చర్మం బీటలు వారి ఉంది. ఆ పదార్థం నింపిన, కిరణాలు చిమ్మే గాజు గొట్టాలను ఏడాదిగా వట్టి చేతులతోనే పట్టుకుంటోందట. ఈ మధ్య వేడీ తెలియడం లేదు, చల్లదనమూ తెలియడం లేదు.

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తన వేళ్ళకి పట్టు దొరకదు, రోజూ చేతి గడియారం నేనే కడుతున్నానమ్మా" అన్నాడతను తల దించుకుని. ఆపమంటే వినదనీ, గట్టిగా అడ్డుపడితే పెళ్ళాం పేరు చూసి ఓర్వలేకపోయాడని నలుగురూ అంటారనీ నసిగాడు.

"నలుగురి నోటికి జడిసి దీని చేతులు కాలనిచ్చావు. నీ మంచితనం మండిపోను."

కోడలు అడ్డు వచ్చింది. కిరణాలను ఆపే సీసం గోడ కట్టి, దాని వెనకనుంచి పొడుగు పట్టకార్లతో చేసే పద్ధతి లేకపోలేదు. కానీ అలా చేస్తే రెండేళ్ళు పడుతుంది. "ఈలోగా ఆయన తేల్చేస్తాడు అత్తయ్యా."

"తేల్చుకోనీ. ఆయన చేతులెలా ఉన్నాయో వాళ్ళమ్మకి తెలుసో లేదో" అంది అత్తగారు. "నిన్ను పని మానమన్నానా? పతకం ఇచ్చింది నీ వేళ్ళకా, నీ తలకా? తల పదిలంగానే ఉందిగా, దాంతో చెయ్యి."

కోడలు తన వేళ్ళ వంక చూసుకుంది. చివరికి, "పొద్దున నాకు పాప నుదురు నిజంగా చల్లగానే అనిపించింది" అని బావురుమంది.

ఆ పూటే ప్రయోగశాలకు కబురు వెళ్ళింది, గోడ లేచేదాకా ఎవరూ ఆ గొట్టాలు ముట్టుకోవద్దని. మొగుడు రెండు చేతులకూ మందు రాసి కట్లు కట్టాడు. అత్తగారు అన్నం కలిపి తెచ్చి కోడలి ఎదురుగా కుర్చీ లాక్కుని, చిన్నపిల్లకి పెట్టినట్టు ఒక్కో ముద్దా నోట్లో పెట్టసాగింది. కోడలి కళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఏడుస్తూ మింగకు" అని విసుక్కుంది అత్తగారు, తన కళ్ళు కొంగుతో ఒత్తుకుంటూ. "పొలమారుతుంది."