బాధ్యుల గడి

పశువైద్యశాల హాల్లో క్యూ తలుపు దాకా ఉంది. పదిహేడో పిల్లిని తూనికపీట మీంచి దించడానికి డాక్టర్ తాయారుకి రెండు చేతులూ, ఒక మోకాలూ కావలసివచ్చాయి. గోడతెర మీద పచ్చదీపం వెలిగింది: ఎనిమిది కిలోల ఆరు వందలు. సాధారణం.

సాధారణమట. ఏటా ఉగాదికి, ఈ తెరలు నడిపే యంత్రసాక్షి ఊళ్లోని పిల్లులన్నిటి బరువూ కలిపి, సగటు తీసి, దాన్నే ఆరోగ్యమని ప్రకటిస్తుంది. పదేళ్ల కిందట నాలుగు కిలోలుండే ఆరోగ్యం ఇప్పుడు తొమ్మిదికి పాకింది. పిల్లులు మాత్రం పాకడం కూడా మానేశాయి. తాయారు పనల్లా పచ్చదీపం కింద వేలిముద్ర వెయ్యడం. ముద్ర పడితే ఇంట్లో ముద్దగిన్నె ఇంకో ఏడాది పనిచేస్తుంది. ఫోనులో మురిపెం బొత్తాం నొక్కితే చాలు, నొక్కినవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా గిన్నెలో ముద్ద పడుతుంది. ముద్దు చేసే తీరిక లేనివాళ్లు ముద్దలు వేసి సరిపెట్టుకునే ఏర్పాటన్నమాట.

పద్దెనిమిదో పిల్లి చక్రాలబుట్టలో వచ్చింది. పేరు బూరె. తోసుకొచ్చిన పుండరీకం రేవు కచేరీలో గుమస్తా. తెర చూసి మురిసిపోయాడు.

"తొమ్మిదికి వంద గ్రాములు తక్కువేనండి. మావాడు నాజూకే."

తాయారు బూరె వీపు మీద వెంట్రుకలు విడదీసింది. తోక దాకా ఉండలు కట్టి ఉన్నాయి. "వీపు నాక్కోవడం ఎప్పుడు మానేశాడు?"

"బద్ధకమండి. అంతా మా పోలికే."

"బద్ధకం కాదు. పొట్ట అడ్డం." ఆమె చెవి అంచున రక్తపు చుక్క తీసి పరీక్షపట్టీ మీద పెట్టింది. చక్కెర నాలుగు వందలు దాటింది. "రోజుకి ఎన్నిసార్లు నొక్కుతారు?"

"ఒక్కసారేనండి. ఒట్టు."

"ఇంట్లో ఎంతమంది?"

"ఏడుగురం. బొబ్బిలిలో మా మేనత్త ఒకర్తి. ఆవిడా ఒక్కసారే, కాఫీ తాగుతూ."

తాయారు గిన్నె చిట్టా తెరిచింది. నిన్న ఎనిమిది ముద్దలు. పిల్లికి రోజంతటికీ రెండు చాలు. ఎవరికి వారు నిర్దోషులు. ఎనిమిదిమంది నిర్దోషులు కలిసి ఒక పిల్లిని చంపుతున్నారు.

"అడుగుతాడండి పాపం. అరుస్తుంటే కడుపు మాడ్చమంటారా?"

ఆమె గిన్నెకున్న కెమెరాకన్ను తీసిన దృశ్యం అతని ముఖం ముందు పెట్టింది. బూరె అరుస్తున్నది నీళ్లపళ్లెం దగ్గర. పళ్లెం ఎండిపోయి ఉంది. పక్కన గిన్నెలో టపీమని ముద్ద పడింది. మళ్లీ అరుపు. మళ్లీ ముద్ద.

"చక్కెర జబ్బు దాహమండి ఇది. వాడు నీళ్లడిగాడు, మీరు తిండి పోశారు. ఇలాగే అయితే ఏడాది బతకడు."

"తెర పచ్చగానే ఉందిగా అండీ," అన్నాడు పుండరీకం, గొంతు తగ్గించి.

"తెరకి పచ్చకామెర్లు. మీకు కళ్లు బాగానే ఉన్నాయిగా?"

తాయారు వేలిముద్ర వెయ్యలేదు. తెర మీది పత్రం అడుగున ఎవరూ ముట్టని గడి ఒకటుంది: బాధ్యులు. పదేళ్లుగా అందులో 'యంత్రం' అని దానంతటదే పడుతోంది. ఆమె దాన్ని చెరిపేసింది.

"ఒక్కరే వెయ్యాలి వేలు. వేసినవాళ్లే కొలిచి పెట్టాలి, ఆడించాలి, పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ సూది పొడవాలి. తిండి ఒక్కసారిగా ఆపితే కాలేయం పోతుంది, మెల్లిగా తగ్గించాలి. మానేశారో, ఆ చావు మీ పేరనే పడుతుంది."

"ఇంట్లో మాట్లాడి చెబుతానండి."

బూరె వీపు నాక్కోబోయి, పక్కకి ఒరిగి, తిరగబడ్డ బొద్దింకలా కాళ్లాడించాడు. క్యూలో ఎవరో నవ్వారు. పుండరీకం నవ్వలేదు. గడి మీద వేలు ఆన్చాడు.

మనిషి పేరు పడగానే యంత్రసాక్షి తడబడింది. అందరి పత్రాలకీ ఆ గడి ఒకటే కావడంతో హాల్లోని తెరలన్నీ ఆగిపోయి ఒకే ప్రశ్న అడిగాయి: బాధ్యులెవరు?

క్యూ గొల్లుమంది. గిన్నె పెట్టే తిండికి తమ పూచీ ఏమిటని ఒకాయన గద్దించాడు. తాయారు లేచి తలుపు గడియ పెట్టి, దానికడ్డంగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"గడి నిండందే గడియ తియ్యను."

పుండరీకం ఫోను మోగింది. మేనత్త. "ఏరా, బొత్తాం నొక్కితే నువ్వెవరివంటోంది నన్ను."

"నన్నూ అడిగిందత్తా," అంటూ అతను ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, సంచిలోంచి సీసా తీసి, అరచేతిలో నీళ్లు పోసుకుని బూరె ముందు నేల మీద కూర్చున్నాడు. బూరె తాగాడు. చెయ్యి ఖాళీ అయితే మళ్లీ పోశాడు.