ఒరిజినల్ డూప్లికేట్

“ఇది నాదండీ!”

మణికొండలో, వాన పడితే రోడ్డేదో కాలువేదో తెలియని ఒక సందులో, ‘రీస్టార్ట్ గేమ్స్’ అనే చిన్న కొట్టు మధ్యలో నిలబడి ఒక అమ్మాయి అరిచిన మొదటి మాట అది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. వేలు మాత్రం గురి తప్పకుండా అద్దాల బీరువా వైపే ఉంది.

కౌంటర్ వెనక కూర్చుని పాత జాయ్‌స్టిక్ ఒకటి విప్పుతున్న సాయిచంద్ తలెత్తాడు.

“ఏది మేడమ్?”

“ఆ పసుపు కేసెట్. నాది.”

“ఇంక గాలేదు మేడమ్. పద్దెనిమిది వేలిస్తే అయితది.”

నిజానికి కరుణ ఆ కొట్టుకని రాలేదు. స్నేహితురాలి రూముకు వచ్చి తిరిగి వెళ్తుంటే క్యాబ్ క్యాన్సిలైంది, వాన పట్టుకుంది, కనిపించిన మొదటి శటర్ కిందకు దూరింది. మొన్న వేసవిలోనే తణుకు నుంచి చందానగర్‌కు మారిన కుటుంబం వాళ్లది. కోకాపేటలో సాఫ్ట్‌వేర్ టెస్టర్ ఉద్యోగం. పక్కవాళ్లు చేసిన దాంట్లో తప్పులు పట్టినందుకు జీతం ఇస్తారు. ఆ అలవాటు ఆఫీసులోనే వదిలి రమ్మంటే ఆవిడ వల్ల కాదు.

“పద్దెనిమిది వేలా! దాని మీద ఏం రాసుందో చూశారా?”

చూడకపోవడమేం, సాయిచంద్‌కు అది కంఠతా వచ్చు. కేసెట్ మీద అంటించిన తెల్లకాగితంపై, ఆదివారం బడిలో నేర్చుకున్న భాషలో, చిన్నపిల్ల గుండ్రటి దస్తూరీతో ఇలా ఉంది: ‘ఇది కరుణది. ఇమ్మాన్యుయేల్ గాని మరి యెవడు గాని దీనిని ముట్టినయెడల వాని వేళ్లు విరుగును.’

“హైదరాబాదుల కరుణలు మస్తుమంది ఉంటరు మేడమ్.”

“ఇమ్మాన్యుయేల్ అనే తమ్ముడు అందరు కరుణలకీ ఉండడండీ!”

“తమ్ముడా? ఆయన వేళ్లు మంచిగనే ఉన్నయి గద? ఎందుకంటే నాకు అమ్మింది ఆయనే.”

కరుణ వేలు బీరువా మీంచి కిందికి దిగింది. ఇల్లు మారేటప్పుడు సామాన్లలో పోయిందని ఆ కేసెట్ కోసం ఎంత ఏడ్చింది! వెధవ, పక్కన కూర్చుని ఓదార్చాడు కూడా.

“సరే, వాడి సంగతి ఇంట్లో చూసుకుంటాను. అసలిది డూప్లికేట్ కేసెట్. పైన వెయ్యిన్నొక్క ఆటలని ఉంటుంది. లోపల ఉండేవి తొమ్మిది. అవే రంగులు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తాయి. మా నాన్నగారు సంతలో నూటయాభైకి కొన్నారు.”

“డూప్లికేటే. గని ఒరిజినల్ డూప్లికేట్. ఇప్పుడు వస్తున్నవన్నీ డూప్లికేట్ డూప్లికేట్లు.”

కరుణకు నవ్వొచ్చింది. బేరం మధ్యలో నవ్వితే రేటు తగ్గదని బుగ్గ లోపల కొరుక్కుంది. సాయిచంద్ ఆ బుగ్గను చూశాడు. చూడకుండా ఉండాల్సింది, కానీ చూశాడు.

ఇక అక్కడి నుంచి ప్రతి శనివారమూ ఆ సందులో బేరమే బేరం.

“ఎనిమిది వేలు. ఇదే ఆఖరు మాట,” అనేది కరుణ.

“ఇరవై ఒకటి మేడమ్.”

“పోయిన వారం పద్దెనిమిది అన్నారుగా!”

“పోయిన వారం వాన పడ్డది. రెయిన్ డిస్కౌంట్.”

ఆ పై వారం ఇరవై నాలుగు. ఆ పై వారం ఇరవై ఏడు. పెట్రోలు కూడా ఇంత దూకుడుగా పెరగదని కరుణ మొత్తుకునేది. మొత్తుకుంటూనే కుర్చీ లాక్కుని కూర్చునేది. “రేటు సంగతి తర్వాత మేడమ్, పని చేస్తుందో లేదో చూడరా?” అని అతను కేసెట్‌ను పాత టీవీకి తగిలించేవాడు. ఇద్దరూ ట్యాంకుల ఆట ఆడేవాళ్లు. పక్కనే బండి మీద మిర్చి బజ్జీలు వేసే నీలమ్మ వేడివేడిగా ఒక పొట్లం పంపేది, ఎవరూ అడగకపోయినా.

“మీ ట్యాంకు నా ట్యాంకును కాల్చిందండీ! మనం ఒకే పార్టీ!”

“నువ్వు అడ్డమొస్తే నేనేం జెయ్యాలె?”

మేడమ్ నుంచి నువ్వులోకి ఎప్పుడు దిగాడో అతనికీ తెలియదు. తప్పులు పట్టే కరుణ కూడా ఆ ఒక్క తప్పూ పట్టుకోలేదు. శుక్రవారం సాయంత్రం నుంచే ఏ చున్నీ వేసుకోవాలా అని ఆలోచించడం మొదలుపెట్టాక, ఇది కేసెట్ గొడవ కాదని ఆవిడకు అర్థమైంది. అర్థమై భయపడింది. ఒకవేళ అతనికి ఇది వట్టి బేరమే అయితే?

అసలు చిక్కు ఒక శనివారం రామ్మోహనరావు రూపంలో వచ్చింది. ఆయన కోకాపేట టవర్లలో ఉంటాడు. పాత గేములు పోగు చేయడం ఆయన పిచ్చి. వస్తూనే పసుపు కేసెట్ చూశాడు, లేబుల్ చదివాడు, పడీపడీ నవ్వాడు.

“ఎంతయ్యా ఇది?”

“ముప్పై వేలు సార్,” అన్నాడు సాయిచంద్, ఈ దెబ్బతో పీడ వదులుతుందని.

“ఇదిగో,” అని ఆయన ఫోను తీశాడు స్కాన్ చేయడానికి.

సాయిచంద్ ఒక్క గంతులో స్కానర్ బొమ్మ మీద చెయ్యి పెట్టేశాడు. “సారీ సార్. యాభై.”

“సరే, యాభై.”

“లేదు సార్. అది అమ్మేది గాదు.”

ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. కరుణ మాత్రం కుర్చీలోంచి మెల్లగా లేచింది.

“అమ్మేది కాకపోతే రేటెందుకు పెట్టారు?”

“అమ్మబుద్ధి గాని వాటికే నేను రేటు ఎక్కువ పెడ్త. ఎవరూ కొనొద్దని.”

“అంటే ఇన్నాళ్లూ నాకు అమ్మే ఉద్దేశమే లేదా?”

“లేదు. నీకైతే అస్సలే లేదు. నీకు అమ్మొద్దనే పెంచుకుంట వచ్చిన.”

ఆ తర్వాత చెప్పాల్సిన ముక్క ఒకటుంది. నువ్వు కొనుక్కుంటే ఇగ రావు గద, అన్న ముక్క. అది గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది. మగపిల్లలకు ఇలాంటి చోటే నోరు పడిపోతుంది, ఏం చేస్తాం.

“నాతో ఆడుకున్నారన్నమాట! ప్రతి వారం వస్తుంది, బతిమాలుతుంది, ఏడిపించి పంపిద్దామని. మీలాంటి దొంగ వ్యాపారిని ఎక్కడా చూడలేదు. ఇంకోసారి ఈ సందులో అడుగు పెడితే నా పేరు కరుణ కాదు!”

అని విసురుగా వెళ్లి, ఆటో ఎక్కి, అతని నంబర్ బ్లాక్ చేసి, లింగంపల్లి దాకా ఏడుస్తూనే ఉంది.

ఆ వారమంతా ఆఫీసులో ఆవిడ పట్టిన తప్పులకు లెక్క లేదు. టీమ్ లీడ్ చేతులెత్తి దండం పెట్టాడు. శుక్రవారానికి కోపం చల్లారి బుర్ర పని చేయడం మొదలైంది. ఏడిపించడానికే అయితే యాభై వేలు ఎవడైనా వదులుకుంటాడా? శనివారం పొద్దున్నే, పేరు మార్చుకోకుండానే, మళ్లీ ఆ సందులో అడుగు పెట్టింది.

శటర్ దించి ఉంది. నంబర్ అన్‌బ్లాక్ చేసి ఫోన్ చేస్తే స్విచ్డాఫ్ అని వచ్చింది. నీలమ్మ బండి దగ్గరకు పరుగెత్తింది.

“నీలమ్మగారూ, సాయిచంద్ ఏరండీ?”

“సాయా? పోయిండు బిడ్డా,” అంది నీలమ్మ, మూకుడులోంచి కళ్లు తిప్పకుండానే.

కరుణ బండి అంచు పట్టుకుంది. “పోయారా? ఎప్పుడు?”

“పొద్దుగాలనే పోయిండు.”

“ఏమైందండీ?”

“ఏమైతది? వారం సంది ఒకటే పరేషాన్. తిండి లేదు, నిద్ర లేదు. మొన్న జరం గూడ వచ్చె, దవాఖానకు తీస్కపోయినం. సూది ఇచ్చిండ్రు. ఏం ఫాయిదా లేదు. ఇయ్యాల ఇగ మనసున పట్టక పోయిండు.”

“దేవా! ఒక్కరే...?”

“ఒక్కడే పోయిండు. కొత్త తెల్ల అంగి తొడుక్కొని పోయిండు పాపం. శటర్ నేనే ఏసిన.”

ఇంత ఘోరం చెప్పి ఈవిడ బజ్జీలెలా తిప్పగలుగుతోందో కరుణకు అంతుపట్టలేదు. ఇక్కడ పోయిండు అంటే వెళ్లాడని, అంతే. తణుకులో మనిషి పోయాడంటే, ఇక వాడు రాడు. కరుణ ఆఫీసులో సగం ఇంగ్లీషు, మిగతా సగం గోదావరి జిల్లాలు. ఈ తేడా చెప్పేవాళ్లే లేకపోయారు ఆవిడకు.

అరుగు మీద కూలబడి అమ్మకు ఫోన్ చేసింది.

“అమ్మా... సాయిచంద్ పోయాడమ్మా!”

“ఎవరే?” అంది విమల.

“గేమ్ షాపు అతను. దొంగ రేట్లవాడని చెప్పానే, అతను. దొంగ కాదమ్మా, చాలా మంచివాడు. నేనే నానా మాటలూ అని వచ్చేశాను. ఆ బెంగతో జ్వరమొచ్చి పోయాడమ్మా. అతనంటే నాకు ప్రాణమమ్మా. ఒక్కసారి కూడా చెప్పలేదు. ఇంకెవరికి చెప్పను?”

అవతల టీవీలో ట్యాంకులు పేలుతున్న చప్పుడు వినిపించింది. అది టక్కున ఆగిపోయింది.

“కరుణా,” అంది విమల నెమ్మదిగా, “చేతులకు శనగపిండి అంటుకుందని ఫోను స్పీకర్లో పెట్టానే.”

“అయితే ఏంటమ్మా!”

“ఏంటంటే, మీ నాన్నగారు విన్నారు. తమ్ముడు విన్నాడు. పెరుగు తోడుకని వచ్చిన కనకలక్ష్మిగారు విన్నారు. ఆ పోయినాయన కూడా విన్నాడు. తమ్ముడి నంబర్ ఉంటే అడ్రస్ కనుక్కుని వచ్చాడట, నీ కేసెట్ నీకు ఇచ్చేస్తానని. ఆరిపోయిన ఫోను చార్జింగ్‌కు పెట్టి సోఫాలో కూర్చున్నాడు. కప్పులో టీ తెల్ల చొక్కా మీదికి ఒలకబోసుకున్నాడు, ఇప్పుడే.”

కరుణ ఏడుపు సగంలో ఆగిపోయింది. ఫోనులో గొంతు సవరించుకున్న చప్పుడు.

“కరుణా... నేను పోలే. అంటే, పోయిన. మీ ఇంటికే పోయిన.”

“బతికే ఉన్నారా?”

“ఇందాకటిదాంక జర డౌటే ఉండె. ఇప్పుడైతే మస్తు బతికిన.” ఆ తర్వాత గుక్క తిప్పుకోకుండా వచ్చింది అసలు ముక్క. “నువ్వు కొనుక్కపోతే మళ్ల రావని రేటు పెంచిన. నువ్వు రాని శనివారం నాకొద్దు. గీ మాట ఆ రోజే చెప్పాలె, నోరు రాలే.”

“బావా!” అని ఇమ్మాన్యుయేల్ కేక వినిపించింది, వెంటనే వీపు మీద ఎవరో చరిచిన చప్పుడు కూడా.

“అమ్మాయ్,” ఈసారి నాన్న జ్ఞానప్రకాశంగారు. పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన గొంతు అది. “పెద్దవాళ్లం మాట్లాడుకోవాల్సినవి బోలెడున్నాయి. వాళ్ల అమ్మానాన్నలను కూడా రమ్మంటాను. కానీ ఎదురుగా మనవాళ్లందరూ ఉండగా ఆ మాట చెప్పగలిగాడంటే నాకు నచ్చాడు. నువ్వు ముందు ఏడుపు ఆపి బయలుదేరు. భోజనాలకు నీ కోసం ఆగుతాం.”

కరుణ నవ్వుతూ ముఖం తుడుచుకుంది. మళ్లీ తడిసింది. ఈసారి వాన కూడా కలిసింది. చున్నీ నెత్తిన వేసుకుని రోడ్డు మీదకు పరుగెత్తి, ఎదురొస్తున్న ఆటోకు రెండు చేతులూ అడ్డం పెట్టింది.

“గట్ల ఏడుస్తవు, గిట్ల నవ్వుతవు, ఏందే నీ కథ?” నీలమ్మ చిల్లుల గరిటె పట్టుకుని వెంటపడింది. “వానల యాడికి బిడ్డా?”

ఇల్లు కదిలేటప్పుడు ‘వెళ్లొస్తాను’ అనాలి తప్ప ఆ రెండో మాట నోట రాకూడదని విమల కూతురికి చిన్నప్పుడే నేర్పింది. మరిచిపోతే మొట్టికాయ వేసి మరీ నేర్పింది. కరుణ ఆటోలోంచి తల బయటపెట్టి, సందంతా వినబడేలా అరిచింది.

“పోతున్న నీలమ్మా! సాయి కాడికి పోతున్న!”